సంతకం ఆలస్యమైతే ఆగిపోయేది పిల్లల ప్రయాణం

జర్మనీలోని ఒక ల్యాబ్ నుంచి మెయిల్ వస్తుంది. మే నెల నుంచి మూడు నెలలు తమ దగ్గర ఇంటర్న్‌షిప్ చేయడానికి రమ్మంటారు, కొంత స్టైపెండ్ కూడా ఇస్తామంటారు. ఘట్‌కేసర్ దగ్గరో, ఇబ్రహీంపట్నం దగ్గరో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఇంట్లో ఆ రోజు పండగే. టెన్షన్ మర్నాటి నుంచి మొదలవుతుంది. ఆమె తమ విద్యార్థినేనని, చేయబోయే పని చదువుకు సంబంధించినదేనని కాలేజీ రాసివ్వాలి. హెచ్‌ఓడీ ప్రిన్సిపల్‌ను అడగమంటారు. ప్రిన్సిపల్ ఎగ్జామ్ బ్రాంచ్‌కు పంపుతారు. అలాంటి లెటర్‌కు ఫార్మాట్ లేదని అక్కడ చెబుతారు. ఈలోగా ఫిబ్రవరి గడిచిపోతుంది, వీసా స్లాట్లు అయిపోతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీల పిల్లలకు ఇది కొత్త కష్టం కాదు.

విదేశీ ఇంటర్న్‌షిప్ అనగానే మనవాళ్లు వీసా ఇంటర్వ్యూకే భయపడతారు. కాన్సులేట్‌లో ఏం అడుగుతారు, ఏం చెప్పాలి అన్న బెంగే ఎక్కువ. నిజానికి చాలా దేశాల్లో ఇంటర్న్‌షిప్ వీసా నిలబడేది కాలేజీ ఇచ్చే కాగితం మీద. యూరోపియన్ యూనియన్ 2016లో చేసిన నిబంధన ప్రకారం బయటి దేశాల నుంచి శిక్షణకు వచ్చేవారు చదువుతూ ఉండాలి, లేదా రెండేళ్లలోపు డిగ్రీ పూర్తి చేసి ఉండాలి. రాతపూర్వక శిక్షణ ఒప్పందం కూడా చూపించాలి. ఫ్రాన్స్‌లో ఆ ఒప్పందం మీద విద్యార్థి, పని ఇచ్చే సంస్థ, కాలేజీ ముగ్గురూ సంతకం పెట్టాలి. జపాన్‌లో స్టైపెండ్ తీసుకుని ఇంటర్న్‌షిప్ చేయాలంటే విశ్వవిద్యాలయానికీ, అక్కడి కంపెనీకీ మధ్య ఒప్పందం ఉండాలి. అమ్మాయికి ఎంత ప్రతిభ ఉన్నా కాలేజీ సంతకం ఆమె తరఫున ఆమే పెట్టుకోలేదు కదా.

అమెరికా పద్ధతి వేరు. అక్కడి కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చినంత మాత్రాన వీసా రాదు. ఇంటర్న్‌షిప్‌కు వాడే జే-1 వీసాకు అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ డీఎస్-2019 పత్రం ఇవ్వాలి. ఏ దశలో ఏం నేర్పుతారో, ఎవరు పర్యవేక్షిస్తారో రాసిన శిక్షణ ప్రణాళిక డీఎస్-7002 పత్రంలో ఉండాలి. వారానికి కనీసం 32 గంటల శిక్షణ ఉండాలి, అందులో గుమాస్తా పని 20 శాతం దాటకూడదు. ఇంటర్న్ పేరుతో పిల్లల చేత చౌకగా ఫైళ్లు మోయించకుండా పెట్టిన నిబంధన ఇది. తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాల్సిన మంచి నిబంధన.

జే-1 ఇంటర్న్‌గా వెళ్లాలంటే విద్యార్థి అమెరికా బయట కాలేజీలో చదువుతూ ఉండాలి, లేదా కోర్సు పూర్తయి 12 నెలలు దాటకుండా ఉండాలి. ఉండనిచ్చేది కూడా గరిష్ఠంగా 12 నెలలే. మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. మేలో పరీక్షలు అయిపోతాయి. ఫలితాలు, ప్రొవిజినల్ సర్టిఫికెట్, ట్రాన్స్‌క్రిప్ట్‌ల కోసం తిరిగేసరికి సంక్రాంతి వస్తుంది. ఆ తర్వాత స్పాన్సర్‌ను వెతుక్కుని, విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ వ్యవస్థకు ఫీజు 220 డాలర్లు కట్టి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాట్ కోసం ఎదురుచూస్తుండగానే ఏడాది దాటిపోతుంది. ఇక మిగిలేది జే-1లోనే ఉన్న ట్రైనీ విభాగం. దానికి డిగ్రీతో పాటు అమెరికా బయట ఏడాది ఉద్యోగ అనుభవం అడుగుతారు. మన విశ్వవిద్యాలయాల్లో ఒక మెమో మూడు నెలలు ఆలస్యమైతే దానికి మూల్యం ఇలా కట్టాల్సి వస్తుంది.

కాలేజీ వదిలేసిన చోట కన్సల్టెన్సీ వచ్చి నిలబడుతుంది. అమీర్‌పేట, హిమాయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ బోర్డుల వెనుక నిజాయతీగా పనిచేసేవాళ్లు లేరని మేము అనడం లేదు. కానీ కొన్నిచోట్ల పిల్లలకు ఒక ప్రమాదకరమైన సలహా ఇస్తున్నారు. ‘జీతం లేని ఇంటర్న్‌షిప్పే కదా, టూరిస్ట్ వీసా మీద వెళ్లిపోండి’ అని. ఇది తప్పు. బ్రిటన్‌కు విజిటర్‌గా వెళ్లినవారు అక్కడ ఇంటర్న్‌షిప్ చేయకూడదు, దానికి స్పాన్సర్ ఉన్న వేరే వీసా ఉంది. అమెరికాలో అయితే ఇంకా కఠినం. వచ్చిన పని దాచి, కావాలని అబద్ధం చెప్పి వీసా తీసుకున్నారని తేలితే జీవితకాలం ఆ దేశంలో అడుగు పెట్టకుండా నిషేధించే అధికారం వారి చట్టంలో ఉంది. కన్సల్టెంట్ చెప్పిన ఒక మాటకు ఇరవై ఏళ్ల పిల్లవాడు జీవితమంతా శిక్ష అనుభవించడం ఎంత అన్యాయం!

తెలుగు కుటుంబాలు ఈ బాధ ముందే చూశాయి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం బయటపడి మూతపడినప్పుడు కొందరు మన పిల్లల కాళ్లకు, ఎక్కడికి వెళ్తున్నారో కనిపెట్టే రేడియో ట్యాగులు బిగించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ ఉదంతంలో నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులే. తెలుగువాళ్లు చాలామంది. అది అమెరికా అధికారులే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. తరగతులు లేకుండా పని అనుమతి కోసమే చేరారన్నది విద్యార్థుల మీద అభియోగం. వాళ్లను చేర్పించిన ఎనిమిది మంది రిక్రూటర్ల మీద కూడా కేసులు పెట్టారు. ఇప్పుడు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద అక్కడ చదువుతున్నవారూ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్‌కు వాడే సీపీటీ అనే పని అనుమతిని ఫుల్‌టైమ్‌గా 12 నెలలు వాడేస్తే, అదే స్థాయి చదువు తర్వాత రావాల్సిన ఓపీటీ అనే పని అనుమతి దక్కదు.

విదేశాల్లో ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్ల మీద 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. వారు రిజిస్టర్ చేసుకోవాలి, అభ్యర్థి నుంచి రూ.30,000, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. చదువుల కన్సల్టెన్సీలు ఆ చట్టం పరిధిలోకి రావు. ఇంటర్న్‌షిప్ ఈ రెండింటికీ మధ్యలో పడింది. ఉద్యోగం కాదని ఒకచోట, చదువు కాదని ఇంకోచోట చెప్పి ఎంత ఫీజైనా వసూలు చేసే వీలు ఏర్పడింది. పంజాబ్ 2012లోనే ట్రావెల్ ఏజెంట్లకు, కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఊరూరా పాస్‌పోర్టు ఉన్న మన రాష్ట్రానికీ అలాంటి చట్టం కావాలి. అందులో ఇంటర్న్‌షిప్ అన్న మాటను విడిగా రాయాలి.

చట్టం రావడానికి సమయం పడుతుంది. కాలేజీల పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ప్రిన్సిపల్స్ భయం మాకు అర్థం కాకపోలేదు. వెళ్లిన విద్యార్థి తిరిగి రాకపోతే, అక్కడ ఏదైనా జరిగితే, సంతకం పెట్టినవారినే అడుగుతారు. 75 శాతం హాజరు నిబంధన ఒకటి ఉండనే ఉంది. అందుకే ఈ బరువు ఒక్కో ప్రిన్సిపల్ మీద వదలకూడదు. అనుబంధ కాలేజీలన్నింటికీ పనికొచ్చేలా విశ్వవిద్యాలయమే బోనఫైడ్ లెటర్‌కు, త్రైపాక్షిక ఒప్పందానికి నమూనాలు తయారు చేయాలి. విదేశాల్లో గడిపిన నెలలను హాజరుగా, క్రెడిట్లుగా ఎలా లెక్కిస్తారో రాసిపెట్టాలి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఏఐసీటీఈ 2018 మోడల్ సిలబస్‌లోనే ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది కనుక ఇది కొత్త ఆలోచన కూడా కాదు. పెద్ద సంస్థల్లో చదివేవారికి అంతర్జాతీయ వ్యవహారాల విభాగాలు ఉంటాయి, అడిగిన వెంటనే కాగితం చేతికొస్తుంది. శివారు కాలేజీలో స్కాలర్‌షిప్ మీద చదువుతున్న రైతు బిడ్డకూ అదే వేగంతో అందాలి.

ప్రతి కాలేజీలో ఈ పనికి ఒక అధికారి పేరు, ఫోన్ నంబరు నోటీసు బోర్డు మీద ఉండాలి. దరఖాస్తు అందిన పది పనిదినాల్లో లెటర్ ఇవ్వాలి, ఇవ్వకపోతే కారణం రాసివ్వాలి. వేసవి ఇంటర్న్‌షిప్‌ల ఆఫర్ లెటర్లు డిసెంబరు, జనవరి నుంచే రావడం మొదలవుతుంది. విశ్వవిద్యాలయాల సర్క్యులర్ నవంబరు ముగిసేలోపు కాలేజీలకు చేరాలి.