టైమ్ చూడాలన్నా నెట్ కావాలా!

గవర్నర్‌పేటలో మా ఆఫీసు గోడమీది పాత గడియారం ఏళ్ల తరబడి నోరెత్తకుండా తిరిగింది. దాన్ని పీకేసి వైఫై డిజిటల్ గడియారాలు పెట్టారు. ఇక చూడండి మా తిప్పలు! కరెంటు పోయి వస్తే చాలు, రౌటర్ కంటే ముందు గడియారం లేస్తుంది. నెట్ దొరక్క అలిగి సున్నాలు చూపిస్తుంది. ఎవరో ఒకరు స్టూలెక్కి ప్లగ్ పీకి పెట్టాలి. బెజవాడ ఎండల్లో, ఫ్యాన్ లేని మూల!

వీటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ తప్ప 5 గిగాహెర్ట్జ్‌ది పనికిరాదని పెట్టె మీద పెద్దక్షరాలతో రాస్తే ఏం పోయింది? నెట్‌లోంచి టైమ్ తెచ్చుకోవడానికి యూడీపీ 123 పోర్టు అనే దారి కావాలి, దాన్నేమో మా నెట్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ మూసేసింది. "ఫోన్లో వీడియోలు ఆడుతున్నాయిగా సార్, నెట్ బానే ఉంది" అంటాడు నెట్ అబ్బాయి. గడియారానికి వీడియోలెందుకయ్యా!

అన్నీ దాటి కనెక్టయింది. మధ్యాహ్నం 2 గంటలకి 8:30 చూపించింది. టైమ్ పంపే సర్వర్ యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం పంపుతుందట, మన టైమ్ రావాలంటే అయిదున్నర గంటలు కలపమని సెట్టింగుల్లో మనమే చెప్పాలట. ఆ రోజు ఆలస్యంగా వచ్చినవాళ్లంతా గోడ వైపే చెయ్యి చూపించారు.