దారానికి వేలాడే లైటరు సంగతేంటి?
బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధించాలా వద్దా అని జనాభిప్రాయం అడిగారు. అయ్యా, ఆ నిషేధం 2008 అక్టోబరు 2 నుంచీ ఉంది! బస్టాండు, రైల్వే స్టేషను, హోటలు, సినిమా హాలు అన్నీ అందులోకి వస్తాయి. జరిమానా 200 రూపాయల దాకా. మా కర్నూలులో అది కట్టిన మనిషిని నేనైతే చూడలేదు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. తాగేవాడిదే కాదు, ఆ చోటు యజమానిది, మేనేజరుది కూడా బాధ్యతే. బోర్డు పెట్టాలి. యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటరు అందుబాటులో ఉంచకూడదు. మరి మన టీ హోటళ్లలో దారానికి కట్టి వేలాడదీసే లైటరు ఏంటి? పిల్లల్ని తీసుకుని పొద్దున్నే ఉగ్గాని బజ్జీకి పోతే పక్క టేబుల్ పొగంతా మా ప్లేట్లోనే. అడిగితే "నా డబ్బు, నా ఇష్టం" అంటాడు. (బజ్జీ డబ్బు మాది నాయనా.)

సిగరెట్ పాకెట్ మీద 85 శాతం మేర బొమ్మ హెచ్చరిక వేయించారు, బాగానే ఉంది. ఒక్కొక్కటి విడిగా కొనేవాడు ఆ పాకెట్ చూసేదెక్కడ?

కొత్త చట్టం సంగతి తర్వాత. బీడీ తాగే ముసలాయన దగ్గర 200 వసూలు చేసే ముందు ఆ హోటలు యజమానికి నోటీసు ఇవ్వండి చాలు.