కనరు, వినరు, ఎరుగరు

ఏ దేశమైనా, ఏ రోగమైనా, ప్రెస్‌మీట్‌లో మైకు ముందుకొచ్చిన పెద్దమనిషి గొంతు సవరించుకుని మొదట అనేది ఒకటే: "ఇది కనీవినీ ఎరుగని విపత్తు." ఆ ముక్క విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అయినా మర్యాద కొద్దీ ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

మొదట కనడం. ఫ్లూ మహమ్మారి వస్తే ఏం చేయాలని బ్రిటన్ 2016 అక్టోబరులో 'సిగ్నస్' పేరుతో మూడు రోజులు రిహార్సలే వేసింది. ఏర్పాట్లు చాలవని తేలింది. నివేదిక రాశారు, బీరువాలో పెట్టారు. 2020 అక్టోబరు దాకా జనానికి చూపించలేదు. తామే రిహార్సల్ వేసిన నాటకాన్ని చూసి "అరే, ఇలా కూడా జరుగుతుందా!" అని నోరెళ్ళబెట్టాలంటే మామూలు నటులకు సాధ్యమా?

ఇక వినడం. ఇది నాకు చాలా ఇష్టమైన ఘట్టం, కాస్త ఓపిక పట్టండి. 2009 ఏప్రిల్ ఆఖరు. స్వైన్ ఫ్లూ మొదలైంది. ఈజిప్టులో అప్పటికి ఒక్క కేసూ లేదు. ఇది మనిషి నుంచి మనిషికి అంటుతోంది, పందులను చంపి లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ప్రభుత్వం విందా? రోగం పేరులోనే పంది ఉంటే ఇంకా సాక్ష్యం దేనికి! దేశంలో ఉన్న దాదాపు 3 లక్షల పందులనూ చంపేయమంది. వాటిలో దేనికీ జలుబు కూడా లేదు పాపం. అయితే పాలనలో ఒక సూక్ష్మం ఉంది: వైరస్‌ను పట్టుకుని ఫొటో దిగడం కుదరదు, పందితో కుదురుతుంది.

పైగా అవి ఊరికే తిని కూర్చున్న పందులు కావు. కైరోలో ఇంటింటికీ తిరిగి చెత్త ఎత్తే జబ్బాలీన్లు, తెచ్చిన దాంట్లో ఎంగిలీ కుళ్ళిందీ వేరుచేసి వాటికే వేసేవారు. అంటే ఇవి జీతం, పెన్షన్, యూనియన్ ఏమీ లేని పారిశుధ్య సిబ్బంది. సిబ్బంది మొత్తాన్నీ నరికేశాక వీధుల్లో చెత్త గుట్టలు లేచాయి. జూన్‌లో ఫ్లూ దర్జాగా విమానం దిగింది. పందులను ఎన్ని నరికినా అది ఆగలేదు. రోగాన్ని ఆపలేక దానికి మురికి కూడా తోడిచ్చిన ఘనత అది.

మూడోది ఎరగడం. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు. 1918 నవంబరు 7న ఆక్లండ్ నుంచి టాలూన్ అనే ఓడ ఫ్లూ రోగులతో అప్పట్లో న్యూజిలాండ్ ఏలుబడిలో ఉన్న పసిఫిక్ దీవులు పశ్చిమ సమోవాలోని ఆపియా రేవుకు వచ్చింది. దారిలో ఫిజీలో అదే ఓడను క్వారంటైన్‌లో పెట్టారు. ఆపియాలో మాత్రం, న్యూజిలాండ్ పాలకుల కళ్ళ ముందే, రోగులను దిగనిచ్చారు. కొన్ని వారాల్లో జనాభాలో ఐదో వంతుకు పైగా పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ జాన్ పోయర్ ఓడలను కట్టడి చేశాడు. అక్కడ ఫ్లూ చావులు సున్నా. అదే సముద్రం, అదే జాతి, అదే రోగం! అప్పటికి ఫ్లూకి టీకా లేదు, మందు లేదు, అది వైరస్ అని కూడా ఎవరికీ తెలియదు. అయినా ఓడను ఆపితే చాలని పోయర్‌కు తెలిసింది. ఆపియా పాలకులకు తెలియక కాదు, పట్టక. చచ్చేది ఏలుబడిలో ఉన్న జనం, తమవాళ్ళు కారు. దీన్ని విపత్తు అంటారా? ఎవడి నోటితో?

2020లో సమోవా (అప్పటి పశ్చిమ సమోవాయే) మాత్రం ఎవరి ప్రెస్‌మీట్ కోసమూ చూడకుండా ముందే తలుపులు వేసుకుంది. 2022 మార్చి దాకా అక్కడ జనంలో కోవిడ్ పాకలేదు. ఒకసారి కళ్ళారా కన్నవాళ్ళు కదా.

టాలూన్ సంగతికి న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ క్షమాపణ చెప్పింది 2002లో. అంటే 84 ఏళ్ళకు. ఆ లెక్కన కోవిడ్ తాలూకు క్షమాపణలు 2104లో మొదలవ్వాలి. డైరీలో రాసి పెట్టుకోండి. ఆ రోజుకి కనీవినీ ఎరుగని విపత్తేదో వచ్చిపడి ప్రెస్‌మీట్ వాయిదా పడితే మాత్రం నన్ను అనకండి.