ఇల్లరికపు అల్లుడు కరసాకి పైన్ చెట్టు గారికి

జపాన్‌లో కనజావా ఊరి కెన్‌రొకుఎన్ తోటలో, కసుమిగాఇకె చెరువు గట్టున వెలసిన మీకు నమస్కారం. నాలుగు కాలాల్లోనూ నాగోయా నుంచి వచ్చి మిమ్మల్ని చూసినవాణ్ణి. గుర్తుండను లెండి.

మీ పుట్టుక తెలుసుకున్నాను. ఈ ఊరిని ఏలిన మయెదా వంశపు 13వ ప్రభువు నరియాసు బీవా సరస్సు ఒడ్డున ఉన్న కరసాకి నుంచి విత్తనం తెప్పించి మిమ్మల్ని పెంచారట. అంటే ఇల్లరికం! ప్రభువుల రాజ్యం పోయింది, 1874లో తోట జనానికి తెరిచేశారు. మీ మర్యాదలు మాత్రం ఆగలేదు.

మొదట నవంబరు 1న వచ్చాను. ఏటా ఆ రోజే మీకు తాళ్లు కడతారు. అయిదు పొడవాటి గుంజలు పాతి, వాటి కొసల నుంచి దాదాపు 800 తాళ్లు దించి కొమ్మకొమ్మకీ కట్టడమే. ఇక్కడి మంచు తడిగా, బరువుగా పడి కొమ్మలు విరుస్తుందని ఈ జాగ్రత్త. తోట మొత్తంలో మొదటి తాడు మీకే, పెద్దల్లుడికి మొదటి విస్తరి వేసినట్టు. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ కంగారుపడింది.

"దానికేమైందిరా, అన్ని కట్లు కట్టారు?"

"ఏమీ కాలేదమ్మా, అవుతుందేమోనని."

"మన పెరట్లో అరటిచెట్టు గెల బరువుకి ఒరిగిపోతే వెదురు కర్ర ఆనించడానికి మీ నాన్నకి వారం పట్టింది" అని ఫోన్ పెట్టేసింది.

ఫిబ్రవరిలో మంచు కోసం వచ్చాను. రెండు రోజులూ ఎండే. ముహూర్తం వాయిదాపడిన పెళ్లిపందిరిలా ఉన్నారు మీరు.

ఏప్రిల్లో తాళ్లు లేవు, చెర్రీ పూల పుణ్యమా అని టికెట్టూ లేదు. జనమంతా మీకు వీపు పెట్టి పూలని ఫొటో తీస్తున్నారు. అలిగారా?

వేసవిలో మాత్రం నాకు కడుపు మండింది. మీ చెరువు గట్టునే కొతోజి రాతి దీపం ఉంది కదా, కోటో అనే జపాను తంతి వాద్యంలో తీగల్ని ఎత్తిపట్టే చిన్న ఆనువలా రెండు కాళ్లతో. ఒక కాలు పొట్టి. దాన్ని రాయి మీద ఆనించి నిలబడింది, తాడూ లేదు, గుంజా లేదు. దిగువన ఫౌంటెన్ అయితే మోటారు కూడా అడగదు, మీ చెరువు ఎత్తున ఉండటమే చాలు, నీళ్లు వాటంతటవే ఎగుస్తాయి. వీళ్లు కదా ఇంట్లో పని చేసేవాళ్లు!

జనవరిలో మళ్లీ వస్తున్నాను. ఒక్క కొమ్మ మీదైనా మంచు పెట్టించుకుని ఉండండి. ఆ తాళ్లు దండగంటోంది మా అమ్మ.

ఇట్లు,
తోడల్లుడి హోదా కూడా లేని సందర్శకుడు