చెమటలో పోయేది మందు కాదు

“వారానికి ఐదు రోజులు జిమ్‌కెళ్లేవాడికి రోజూ రెండు పెగ్గులు లెక్కే కాదు. తాగింది చెమటలో పోతుంది. గుండెకూ మంచిదే. కదలకుండా కూర్చునేవాడికంటే తాగి పరుగెత్తేవాడే నయం.” వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది.

ముందు చెమట సంగతి. తాగిన ఆల్కహాల్‌లో 90 శాతానికి పైగా కాలేయమే విరగ్గొట్టాలి. ఊపిరి, మూత్రం, చెమట మూడూ కలిపినా బయటికి పోయేది 10 శాతం లోపే. 60 మి.లీ. విస్కీలో దాదాపు 19 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. గంటకు 7 నుంచి 10 గ్రాముల చొప్పున కాలేయం దాన్ని వదిలించుకోవడానికి దాదాపు రెండు నుంచి మూడు గంటలు పడుతుంది. ట్రెడ్‌మిల్ ఎక్కినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ పని తొందరగా తెమలదు. ఈలోగా ఆల్కహాల్ విరిగి పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం డీఎన్ఏను దెబ్బతీస్తుంది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు మద్యంతో సంబంధం తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే మద్యాన్ని, క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటి మొదటి వర్గంలో, పొగాకు సరసన చేర్చింది. చెమటలో పోయేది నీళ్లూ ఉప్పూ. మందు మూత్రాన్ని పెంచుతుంది కాబట్టి ఆ నీళ్లకూ కరువే.

గుండెకు మంచిదన్న మాట ఎలా పుట్టింది? కొద్దిగా తాగేవాళ్లను అసలు తాగనివాళ్లతో పోల్చిన పాత సర్వేల నుంచి. తీరా చూస్తే ఆ ‘తాగనివాళ్ల’లో జబ్బు చేసి మానేసినవాళ్లూ కలిసిపోయారు! వాళ్ల అనారోగ్యం తాగేవాళ్లకు మార్కులు తెచ్చిపెట్టింది. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

ఇక కూర్చునేవాడి మాట. కదలకపోవడం ప్రమాదమే, ఇందులో పేచీ లేదు. బ్రిటిష్ వైద్యుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించింది. రోజంతా సీట్లో ఉండే డ్రైవర్లకంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది. అందుకే వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమనేది. వ్యాయామం చేసే తాగుబోతుకు, చేయని తాగుబోతుకంటే ముప్పు కొంత తగ్గొచ్చు కూడా. కానీ మెసేజ్ రాసినాయన తెలివిగా ఒక మనిషిని పోటీలోంచి తప్పించాడు: తాగకుండా పరుగెత్తేవాణ్ణి.