సెర్వాంతెస్ సంస్థ వారికి ఒక విన్నపము

మహారాజశ్రీ మాడ్రిడ్‌లోని సెర్వాంతెస్ సంస్థ వారికి,

నమస్కారములు. స్పానిష్ భాషాసంస్కృతులను దేశదేశాల వ్యాప్తి చేయడానికి 1991లో స్పెయిన్ ప్రభుత్వం తమను నెలకొల్పి, బతికినన్నాళ్లూ ఆ రాజ్యమే పట్టించుకోని ‘డాన్ కిహోతే’ నవలాకారుడు సెర్వాంతెస్ పేరునే తమకు పెట్టడం మాకు ఎంతో ముచ్చటగొలిపింది.

తురుష్కులతో జరిగిన లెపాంతో నౌకాయుద్ధంలో ఎడమ చేయి పనికిరాకుండా పోయి, ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్‌లో ఐదేళ్లు బందీగా మగ్గి వచ్చిన ఆ పెద్దమనిషి, 1590లో అమెరికా ఖండాల్లోని స్పెయిన్ వలసల్లో ఏదైనా కొలువు ఇప్పించమని అర్జీ పెట్టుకుంటే, ఇక్కడే ఏదో ఒకటి చూసుకొమ్మని ఆ కాగితం మీదే రాసి తిప్పి పంపారు. ఆయనను పోనివ్వని ఆ ఖండాలలోనే నేడు ఈ భాష మాట్లాడేవారిలో అత్యధికులున్నారు. తమ నివేదికలు సగర్వంగా చాటే సుమారు 60 కోట్ల మందిలో స్పెయిన్ జనాభా 5 కోట్లకు లోపే. భాష అరకొరగా వచ్చినవారినీ, నేర్చుకుంటున్నవారినీ కూడా ఆ లెక్కలో కలిపారు గనుక, క్రియారూపాల దగ్గరే తడబడే మావంటివారికి సైతం ఆ వైభవంలో చోటు దొరికింది.

తమ ప్రధాన కార్యాలయం గురించి చెప్పకుండా ఉండలేము. అల్కలా వీధిలోని ఆ భవనం ఒకప్పటి బ్యాంకు. పన్నులు వసూలు చేసే రోజుల్లో సెర్వాంతెస్ సర్కారు సొమ్మును ఒక షావుకారు దగ్గర దాస్తే, దివాలా తీసింది ఆ షావుకారు, 1597లో సెవిల్ జైలుకు పోయింది ఈయన. అటువంటివాడి పేరు పెట్టుకున్న తమరు మాత్రం ఆ బ్యాంకు ఖజానాలోనే 2007 నుండి రచయితల వస్తువులను లాకర్లలో పెట్టి తాళాలు వేస్తున్నారు. మొదటగా దాచిన స్పానిష్ రచయిత ఫ్రాన్సిస్కో అయాలా లాకరు తెరవడానికి 2057 దాకా ఆగాలట. సాహిత్యానికి ఇంతటి భద్రత ఆయన కాలంలో ఉంటే, కనీసం ఆ లెక్కల గొడవైనా తప్పేది.

1615లో ‘డాన్ కిహోతే’ రెండవ భాగాన్ని తన పోషకుడైన లెమోస్ ప్రభువుకు అంకితమిస్తూ ఆయనొక పరిహాసమాడాడు. చైనా చక్రవర్తి తన దేశంలో స్పానిష్ కళాశాల పెట్టి, దానికి తననే అధిపతిగా రమ్మని కబురు పంపాడని, దారిఖర్చుల సంగతేమిటని అడిగితే ఆ ఊసే లేదని దూత చెప్పాడని, అందుకే అతణ్ణి వచ్చిన దారినే పొమ్మన్నానని రాశాడు. తమరు 2006లో బీజింగ్‌లో నిజంగానే కేంద్రం తెరిచి ఆ హాస్యాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా మార్చారు. అక్కడికి నియమితులయ్యే అధిపతికి ప్రయాణ భత్యం సకాలంలో అందుతూనే ఉంటుందని మా నమ్మకం. విద్యార్థుల సంగతి వేరు. తమరు పెట్టే స్పానిష్ పరీక్ష రుసుము వారే ముందుగా చెల్లించాలి.

ఇట్లు,
తమ 60 కోట్లలో ఒకడు