ఆఖరి పది నిమిషాల లోటు

బెల్జియం పురుషుల ఫుట్‌బాల్ జట్టులో అత్యధిక గోల్స్ రికార్డు రొమేలు లుకాకుది. 2025 వేసవి నాటికి ఆ లెక్క 89. అదే వేసవికి ఆ దేశ మహిళల జట్టు కెప్టెన్ టెస్సా వుల్లార్ట్ ఖాతాలో 90కి పైనే ఉన్నాయి. 2022 నాటికే లుకాకు మూడు ప్రపంచకప్‌లు ఆడాడు. టెస్సా ఒక్కటంటే ఒక్కటీ ఆడలేదు. అసలు ఆమె దేశమే ఇంతవరకు మహిళల ప్రపంచకప్ గడప తొక్కలేదు. వచ్చే కప్ 2027లో, బ్రెజిల్‌లో. అప్పటికి ఆమెకు 34 ఏళ్లు నిండుతాయి. ఫార్వర్డ్‌గా ఆడేవాళ్లకు అది బూట్లు విప్పే వయసు.

క్రీడాకారుల జీవితాలను కప్పులతో, పతకాలతో తూచడం పత్రికలకు పాత అలవాటు. ఆ తక్కెడలో పెడితే టెస్సా కథ అసంపూర్ణంగానే తేలుతుంది. ఆ తూకాన్ని మేము ఒప్పుకోవడం లేదు. 18 ఏళ్ల వయసులో, 2011లో జాతీయ జట్టులోకి వచ్చిన అమ్మాయి చేయగలిగిందంతా చేసింది. చేయాల్సిన వాళ్లు వేరే ఉన్నారు.

పశ్చిమ ఫ్లాండర్స్‌లోని టీల్ట్ అనే చిన్న పట్టణం ఆమెది. 1993 మార్చిలో పుట్టింది. జుల్టె వారెగెమ్ మీదుగా స్టాండర్డ్ లీజ్ క్లబ్‌కు చేరింది. ఆ రోజుల్లో బెల్జియంకు ఒంటరిగా లీగ్ నడిపే స్తోమత చాలక, నెదర్లాండ్స్‌తో కలిసి 2012లో ఉమ్మడి లీగ్ పెట్టుకుంది. బీనె లీగ్ అని పేరు. ఆలోచన మంచిదే. రెండు దేశాల మేటి క్లబ్బులు ఒకచోట తలపడితే ఆట పదునెక్కుతుందని ఆశ. మూడు సీజన్లకే అది మూతపడింది. చివరి సీజన్ 2014-15లో విజేత స్టాండర్డ్ లీజ్, ఆ జట్టులో టెస్సా ఉంది. అదే వేసవిలో లీగ్ పోయింది, లీగ్‌తో పాటు టెస్సా కూడా దేశం దాటి జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్‌కు వెళ్లిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. గెలిచిన ఇల్లే మూతపడితే ఏం చేస్తుంది?

వోల్ఫ్స్‌బుర్గ్‌లో మూడేళ్లు. రెండు బుండెస్‌లిగా (జర్మనీ లీగ్) టైటిళ్లు, మూడు జర్మన్ కప్పులు. ఆ జట్టు 2016లోను, 2018లోను చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ లియోన్ చేతిలోనే ఓడింది. తర్వాత రెండేళ్లు మాంచెస్టర్ సిటీ. 2019లో వెంబ్లీలో వెస్ట్‌హామ్‌ను 3-0తో ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన జట్టు అది. అదే ఏడాది లీగ్ కప్ కూడా. జర్మనీ, ఇంగ్లండ్‌లలో పెద్ద క్లబ్బులకు ఆడినంత మాత్రాన అక్కడ ప్రతి మ్యాచ్‌లోనూ ఆమెదే తొలి పేరు అనుకోనక్కర్లేదు. ఆ స్థాయి జట్లలో బెంచీ మీద కూర్చున్న వాళ్లూ అంతర్జాతీయ క్రీడాకారిణులే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

2020లో ఆమె స్వదేశానికి, ఆండర్లెక్ట్‌కు తిరిగొచ్చింది. ఆండర్లెక్ట్ అప్పటికే వరుసగా టైటిళ్లు ఎత్తుకుపోతున్న జట్టు. రెండేళ్లు ఆడి 2022లో మళ్లీ సరిహద్దు దాటింది. వెళ్లింది ఏ లియోన్‌కో బార్సిలోనాకో కాదు, నెదర్లాండ్స్‌లో అప్పుడే కొత్తగా మహిళల జట్టు పెట్టిన ఫోర్చునా సిట్టార్డ్‌కు. దేశంలో తిరుగులేని చాంపియన్ జట్టును వదిలి, పొరుగు దేశంలో నిన్నగాక మొన్న పుట్టిన జట్టుకు ఓ జాతీయ కెప్టెన్ వెళ్లిందంటే బెల్జియం లీగ్ ఏ మెట్టు మీద ఉందో వేరే చెప్పాలా? 2024లో ఇంటర్ మిలాన్. ఆమె అడుగుపెట్టిన తొలి సీజన్‌లోనే ఇంటర్ ఇటలీ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది.

బెల్జియంలో ఏటా ఉత్తమ ఆటగాడికి బంగారు బూటు ఇవ్వడం 1954లో మొదలైంది. మహిళలకు ఇవ్వాలన్న ఆలోచన 2016లో వచ్చింది. తొలి బూటు టెస్సాకే. ఆ తర్వాతా ఆమె దాన్ని మళ్లీ మళ్లీ అందుకుంది. 62 ఏళ్ల ఆలస్యం గురించి మేము కొత్తగా అనేదేమీ లేదు.

ఇక జాతీయ జట్టు. రెడ్ ఫ్లేమ్స్ అని పిలుచుకునే ఈ జట్టు తొలిసారి పెద్ద టోర్నీలో ఆడింది 2017 యూరోలో, అంటే యూరప్ దేశాల కప్‌లో. నార్వేను 2-0తో ఓడించింది. ఆతిథ్య నెదర్లాండ్స్‌తో 1-2తో ఓడింది, ఆ ఒక్క గోల్ టెస్సాది. ఆ నెదర్లాండ్సే కప్ గెలిచింది. అక్కడి నుంచి ఈ జట్టు ప్రయాణాన్ని దగ్గరగా చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. చేతికందిన ముద్ద నోటిదాకా రాకుండా జారిపోవడం, అదీ దాదాపు ప్రతిసారీ ఆట ముగియబోతుండగా.

2018 అక్టోబరు. ప్రపంచకప్ ప్లేఆఫ్‌లో స్విట్జర్లాండ్‌తో రెండు మ్యాచ్‌లు. సొంతగడ్డ మీద 2-2, అక్కడ 1-1. మొత్తం 3-3. పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే పైచేయి అన్న నిబంధనతో బెల్జియం ఇంటికి. ఆ నిబంధనను యూరప్ సమాఖ్య 2021లో ఎత్తేసింది. మూడేళ్లు ముందే ఎత్తేసి ఉంటే అదనపు సమయమైనా దక్కేది. ఆ స్విట్జర్లాండ్‌ను తర్వాతి అంచెలో ఓడించి ప్రపంచకప్‌కు వెళ్లిన నెదర్లాండ్స్ ఏకంగా ఫైనల్ ఆడింది. ఉమ్మడి లీగ్‌లో భాగస్వామి నడిచిన దూరం అది.

2022 జూలై, ఇంగ్లండ్‌లో యూరో. కెప్టెన్ టెస్సా. గోల్‌కీపర్ నిక్కీ ఎవ్రార్డ్ ఐస్‌లాండ్ పెనాల్టీనీ ఆపింది, ఫ్రాన్స్ కెప్టెన్ వెండీ రెనార్డ్ కొట్టిన పెనాల్టీనీ ఆపింది. ఇటలీని 1-0తో ఓడించి తొలిసారి క్వార్టర్స్‌కు చేరారు. అక్కడ స్వీడన్ జట్టు వీళ్ల గోల్ మీద దాడుల మీద దాడులు చేసినా 90 నిమిషాలు గోడకట్టి నిలిచారు. 92వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని లిండా సెంబ్రాంట్ లోపలికి తన్నింది. అంతే. మూడు నెలలు తిరక్కుండానే పోర్చుగల్‌తో ప్రపంచకప్ ప్లేఆఫ్. స్కోరు 1-1 దగ్గర అదనపు సమయం ఖాయమనుకుంటుండగా పోర్చుగల్ రెండో గోల్ కొట్టింది. ఆ పోర్చుగల్ మిగిలిన అంచెలూ దాటి తొలిసారి ప్రపంచకప్ ఆడింది.

యూరప్ జట్లను స్థాయిలవారీగా విడదీసి ఆడించే నేషన్స్ లీగ్‌లో, 2025 అక్టోబరులో ఐర్లాండ్‌తో జరిగిన పోరు చూడండి. డబ్లిన్‌లో 2-4తో ఓడారు. సొంతగడ్డ లూవెన్‌లో రెండు గోల్స్ కొట్టి లెక్క సమం చేశారు. సరిగ్గా 90వ నిమిషంలో ఐర్లాండ్ గోల్. బెల్జియం పై స్థాయి లీగ్ ఏ నుంచి లీగ్ బీకి జారింది.

దీన్ని దురదృష్టం అనేవాళ్లున్నారు. ఒకసారైతే అదృష్టం తప్పిందనుకోవచ్చు. పదేపదే జరిగితే కారణం వెతకాలి. మా అభిప్రాయంలో కారణం బెంచీ దగ్గర ఉంది. ఇంగ్లండ్, స్పెయిన్, స్వీడన్‌లాంటి జట్లు 70వ నిమిషంలో దించే ముగ్గురు నలుగురు పెద్ద లీగుల్లో పూర్తికాలం ఆడేవాళ్లు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు. బెల్జియంకు తొలి పదకొండు మంది సరే, పన్నెండో పదమూడో మనిషి దగ్గరే తడబాటు. దేశవాళీ లీగ్‌లో చాలామందికి ఫుట్‌బాల్ ఇప్పటికీ సగం ఉద్యోగమే. చదువో కొలువో చూసుకుని సాయంత్రం సాధనకు వచ్చేవాళ్లను, పొద్దస్తమానం అదే పనిగా సాధన చేసేవాళ్ల మీదకు పంపితే 80 నిమిషాలు పట్టుదలతో నెగ్గుకొస్తారు. మిగిలిన పది నిమిషాలు ఒంట్లో దాచుకున్న శక్తి మీద ఆధారపడతాయి. టెస్సా ఎన్ని గోల్స్ కొట్టినా బెంచీని నింపలేదు కదా.

ఆట చివర్లో బెల్జియమే గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని దాచిపెట్టి వాదించడం న్యాయం కాదు. 2023 అక్టోబరు 31న లూవెన్‌లో ఇంగ్లండ్‌తో నేషన్స్ లీగ్ గ్రూపు మ్యాచ్. రెండు నెలల కిందటే ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్టు అది. బెల్జియం తొలి గోల్ కొట్టింది, ఇంగ్లండ్ రెండు కొట్టి ముందుకెళ్లింది. తొలి అర్ధభాగం ఇంజురీ టైమ్‌లో టెస్సా 2-2 చేసింది. 85వ నిమిషంలో పెనాల్టీ. ఎదురుగా గోల్‌లో మేరీ ఇయర్ప్స్, ఆ ఆగస్టులో ప్రపంచకప్ ఫైనల్లో స్పెయిన్ పెనాల్టీని ఆపిన గోల్‌కీపర్. టెస్సా బంతిని వలలోకి కొట్టింది. 3-2. ఆ ఓటమి విలువ డిసెంబరులో తేలింది. గ్రూపులో నెదర్లాండ్స్, ఇంగ్లండ్ పాయింట్లు సమానమయ్యాయి. ఒకే ఒక్క గోల్ తేడాతో నెదర్లాండ్స్ ముందుకెళ్లింది, ఇంగ్లండ్ అర్హత మీద ఆధారపడిన బ్రిటన్ జట్టుకు పారిస్ ఒలింపిక్స్ దారి మూసుకుపోయింది. ఇక్కడా ఓ కొసమెరుపుంది. చివరి రోజు నెదర్లాండ్స్‌కు కావలసిన ఆ గోల్స్ ఇచ్చింది బెల్జియమే. 4-0లో రెండు, మళ్లీ 90 నిమిషాలు దాటాకే.

2025 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ మళ్లీ లూవెన్ వచ్చి 3-2తోనే ఓడిపోయింది. టెస్సావి రెండు గోల్స్. నాలుగు రోజుల ముందు బ్రిస్టల్‌లో ఇదే ఇంగ్లండ్ చేతిలో 0-5తో చిత్తయిన జట్టు ఇది. స్విట్జర్లాండ్‌లో జరిగిన యూరోలో స్పెయిన్ చేతిలో 2-6తో ఓడి, చివరి మ్యాచ్‌లో పోర్చుగల్ మీద మూడో నిమిషంలోనే టెస్సా గోల్‌తో ముందుకెళ్లి, 96వ నిమిషంలో 36 ఏళ్ల జనిస్ కేమన్ గోల్‌తో గెలిచింది. ఈ హెచ్చుతగ్గులు ఏం చెబుతున్నాయి? మంచి రోజున ఎవరినైనా ఓడించగల పదకొండు మంది ఉన్నారు. నాలుగు రోజుల తేడాలో రెండోసారి ఆడటానికి ఇరవై ముగ్గురు లేరు. లుకాకుతో పాటు ఎదిగిన పురుషుల తరాన్ని తయారు చేసుకున్న దేశమే ఇది. తెలంగాణ జనాభాలో మూడో వంతు మంది ఉన్న ఆ దేశం 2018లో పురుషుల ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించింది. మగపిల్లల కోసం కట్టిన అకాడమీలు, పెట్టిన ఖర్చు అమ్మాయిల దాకా ఎందుకు పారలేదన్నదే ప్రశ్న.

మరో దారి కూడా తెరుచుకుని మూసుకుంది. 2027 ప్రపంచకప్ కోసం జర్మనీ, నెదర్లాండ్స్‌లతో కలిసి బెల్జియం బిడ్ వేసింది. 2024 మేలో బ్యాంకాక్‌లో ఓట్లు వేస్తే బ్రెజిల్‌కు 119, ఈ ముగ్గురికీ కలిపి 78. గెలిచి ఉంటే ఆతిథ్య దేశంగా బెల్జియంకు చోటు దక్కేదేమో. దక్కనందుకు మేము చింతించడం లేదు. తలుపు దగ్గర టిక్కెట్ అడగకుండా లోపలికి పంపడం ఈ జట్టుకు మేలు చేసి ఉండేది కాదు.

మన వైపు కూడా ఓసారి చూడాలి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌తో జాతీయ లీగ్ గెలిచి, 2024-25లో దేశ ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా నిలిచింది. ఆ లీగ్‌లో ఆ సీజన్‌కు ఒక్కో జట్టు ఆడింది 14 మ్యాచ్‌లు. మిగతా సంవత్సరమంతా ఆ అమ్మాయిలు ఏం చేయాలి? బెల్జియం తన లోటు గురించి మాట్లాడుకుంటున్న స్థాయికి మనం ఇంకా చేరలేదు. అయినా లోటు స్వభావం ఒకటే.

2011 నుంచి జట్టును నడిపిన కోచ్ ఈవ్ సెర్నీల్స్ తప్పుకున్నాక 2025 జనవరిలో ఐస్‌లాండ్‌కు చెందిన ఎలిసబెట్ గన్నార్స్‌డోట్టిర్ బాధ్యత తీసుకుంది. కోచ్‌ను మార్చడం సులువు. మార్చాల్సింది అంతకన్నా కష్టమైనది. ఈమధ్య ఒక మంచి కబురూ ఉంది. ఏడేళ్లుగా టైటిల్ వదలని ఆండర్లెక్ట్‌ను దాటి 2025లో ఓహెచ్ లూవెన్ చాంపియన్ అయింది. అక్కడితో ఆగకుండా చాంపియన్స్ లీగ్ ప్రధాన దశకూ చేరింది. సొంత లీగ్‌లో ఉంటూనే యూరప్ మేటి జట్లతో ఆడే అవకాశం అక్కడి అమ్మాయిలకు దక్కింది. టెస్సా దీని కోసమే 22 ఏళ్లకు దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది.

ఒక క్లబ్ చేయగలిగినది మిగతావి చేయలేవనడానికి లేదు. పురుషుల మొదటి డివిజన్‌లో ఆడే ప్రతి క్లబ్బూ పూర్తికాలపు జీతాలతో మహిళల జట్టు నడపాలని లైసెన్సులో షరతు పెట్టే అధికారం బెల్జియం ఫుట్‌బాల్ పెద్దల చేతిలోనే ఉంది. ఖర్చు భారమని క్లబ్బులు గొణుగుతాయి. గొణగనివ్వండి. పురుషుల ఆటగాళ్లను అమ్మి ఏటా గడించే సొమ్ములో ఇది ఏ మూలకు? లీగ్ బీ నుంచి మొదలయ్యే 2027 అర్హత పోటీల్లో రెండు అంచెల ప్లేఆఫ్ గెలిచి టెస్సా బ్రెజిల్ విమానం ఎక్కవచ్చు, ఎక్కకపోవచ్చు. షరతు పెట్టడానికి ఆ ఫలితం దాకా ఆగక్కర్లేదు.